ఇంటి వంట, ఒక చెట్టు నీడ, నాలుగు పద్యాలు: కార్తీకంలో చిన్న వనభోజనం పెట్టుకోవడం ఎలా

వనభోజనం అనగానే అందరూ ముందు అడిగేది "ఎక్కడికి?" అని. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. ముందు తేలాల్సింది ఏం తింటాం అన్న సంగతి. పొద్దున్నే కట్టిన అన్నం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎలా ఉంటుందో, దాన్ని బట్టే మీరు ఎంత దూరం వెళ్ళొచ్చో తేలుతుంది. చోటు ముందు ఖాయం చేసుకుని వంట సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళు చివరికి హైవే పక్కన హోటల్లో బిర్యానీ తిని వస్తారు. అదేం తప్పు కాదు గానీ వనభోజనం మాత్రం కాదు.

నేను చెప్పబోయేది పది పన్నెండు మంది కలిసి చేసుకునే చిన్న వనభోజనం గురించి. ఇప్పుడు కార్తీకం వస్తే కుల సంఘాల వనభోజనాలే ఎక్కువ. షామియానాలు, మైకులు, నాయకుల ప్రసంగాలు, వందల ప్లేట్ల కేటరింగ్. అక్కడ చెట్టు వైపు చూసే తీరికే ఉండదు. మనకి మన ఇంటివాళ్ళు, పక్కింటివాళ్ళు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు, వాళ్ళ పిల్లలు చాలు. ఎవరిదే కులమో లెక్క చూడకుండా పిలవండి.

రోజు చూసుకోవడం

దీపావళి అమావాస్య మర్నాటి నుంచి తర్వాతి అమావాస్య దాకా కార్తీకం. అంటే అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు మధ్య లోపు ఎక్కడో పడుతుంది. సోమవారం చాలామందికి ఉపవాసం, కాబట్టి వద్దు. ఆదివారం పార్కులు, గుళ్ళు కిక్కిరిసి ఉంటాయి. రెండో శనివారం దొరికితే అదే మంచిది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకి నవంబరు అంటే ఈశాన్య రుతుపవనాల కాలం, తుపాన్లు కూడా అప్పుడే. వారం ముందు నుంచీ వాతావరణం చూసుకోండి. మబ్బు పట్టి ఉంటే మొండికి పోకుండా సంక్రాంతి తర్వాతకి వాయిదా వేసుకోండి. ఉసిరి చెట్టు కింద తినాలన్న ఆచారం ఉన్నవాళ్ళు ఇంట్లోనో గుళ్ళోనో ఉన్న ఉసిరి దగ్గర ఒక పూట తినేసి, షికారు తర్వాత పెట్టుకున్నా సరిపోతుంది.

పిలిచేటప్పుడే రెండు విషయాలు అడగండి. ఉల్లి వెల్లుల్లి తినని వాళ్ళెవరు, షుగర్ ఉన్నవాళ్ళెవరు. అక్కడికి వెళ్ళాక తెలిస్తే పాపం వాళ్ళు అరటిపండుతో సరిపెట్టుకోవాలి.

వంట: ఏది కట్టాలి, ఏది వదిలేయాలి

పప్పు, సాంబారు, రసం ఇంట్లోనే వదిలేయండి. కారు డిక్కీలో ఒలికిన సాంబారు వాసన సంక్రాంతి దాకా పోదు. వాటి బదులు కలిపిన అన్నాలు రెండు, పొడి కూరలు రెండు, ఒక రోటి పచ్చడి, ఒక తీపి. ఇంతే. పదిహేను రకాలు చేసిన ఇల్లాలు చెట్టు కింద కూర్చోగానే నిద్రపోతుంది, పద్యం వినడానికి ఆవిడ ఉండదు.

పులిహోర లేని వనభోజనం ఉండదు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను. దద్దోజనం కూడా ఉంటుంది గనక పది మందికి కిలో బియ్యం పులిహోర సరిపోతుంది. పాత బియ్యం తీసుకోండి, కొత్తబియ్యం ముద్ద కడుతుంది. చింతపండు 150 గ్రాములు నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. ఈ పని ముందు రోజు రాత్రే అయిపోవాలి. గుజ్జులో నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, ఇంగువ, చిన్న బెల్లం ముక్క వేసి నువ్వుల నూనెలో, నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. పొద్దున్నే అన్నం కొంచెం పలుకుగా వండి వెడల్పాటి పళ్ళెంలో ఆరబోయండి. వేడి మీదే రెండు గరిటెల నూనె, పసుపు, పచ్చి కరివేపాకు వేసి పైపైన కలపండి. కరివేపాకు వాసన అన్నానికి పట్టేది అప్పుడే. అన్నం పూర్తిగా చల్లారాక గుజ్జు కలిపి, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి తాలింపు వేయండి. గోదావరి జిల్లాల్లోలా ఆవ పెట్టే అలవాటు ఉంటే, చివర్లో ఆవపిండి కొద్దిగా, అన్నం చల్లగా ఉన్నప్పుడే కలపాలి. ఎక్కువైతే చేదెక్కుతుంది.

అన్నింటికంటే ముఖ్యం, వేడి వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగించకండి. లోపల ఆవిరి నీరై కారుతుంది, మధ్యాహ్నానికి అన్నం జిగురుగా అయిపోతుంది. పాడయ్యేది చాలావరకు ఈ తొందర వల్లే.

దద్దోజనం కిటుకు వేరు. పూర్తిగా పెరుగుతో కలిపితే పన్నెండింటికల్లా పుల్లబడుతుంది. అన్నం మెత్తగా వండి గరిటెతో మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు ధారాళంగా పోసి, పుల్లబడని పెరుగు రెండు మూడు చెంచాలు మాత్రం కలపండి. దారిలో అదే తోడుకుంటుంది, తినే వేళకి కమ్మగా ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు, కరివేపాకు తాలింపు ఇంట్లోనే వేసేయొచ్చు. ఉప్పు మాత్రం చిన్న పొట్లం కట్టుకెళ్ళి తినే ముందు కలపండి. దానిమ్మ గింజలు కూడా అప్పుడే.

కూరల్లో కారం పెట్టిన గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు బాగా నిలుస్తాయి. కొబ్బరి, ఉల్లి ముద్ద వేసిన కూర త్వరగా పాడవుతుంది, వద్దు. పచ్చడికి గోంగూర. తీపికి పరమాన్నం కారిపోతుంది, బొబ్బట్లో సున్నుండలో చేయండి.

ఇది కోస్తా వాళ్ళ లెక్క. తెలంగాణ ఇళ్ళల్లో సర్వపిండి ఉండగా వేరే ఆలోచన ఎందుకు? చల్లారినా రుచి తగ్గదు, పిల్లలు చేత్తో పట్టుకుని తిరుగుతూ తింటారు. రాయలసీమ వాళ్ళు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, చిత్రాన్నం కట్టుకుంటే అంతకంటే ఏం కావాలి?

ఎవరింటి నుంచి ఏది రావాలో వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి. లేకపోతే నాలుగు ఇళ్ళ నుంచి నాలుగు పులిహోరలు వస్తాయి. మగవాళ్ళకి నీళ్ళ క్యాన్లు, చాపలు అప్పగించి చేతులు దులుపుకోకండి. చింతపండు గుజ్జు తీయడం, అన్నం ఆరబోయడం పెద్ద విద్యలేం కావు.

వంటలు కాక పట్టుకెళ్ళాల్సినవి: మనిషికి రెండు లీటర్ల తాగే నీళ్ళు, చేతులు కడుక్కోవడానికి వేరే క్యాన్, అరటి ఆకులు గానీ మోదుగ విస్తర్లు గానీ, స్టీలు గ్లాసులు, జంపఖానా, చెత్తకి రెండు పెద్ద సంచులు, పాత తువ్వాళ్ళు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అటవీ శాఖ గేటు దగ్గర సంచులు తెరిచి చూసే చోట్లు కూడా ఉన్నాయి. ఆకు ముందు రోజే కోసుకొస్తే తడిగుడ్డలో చుట్టి పెట్టండి, లేకపోతే మడతల దగ్గర చిరుగుతుంది.

చోటు: గంటన్నర దాటొద్దు

ఎనిమిదింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకి చేరాలి. అంతకంటే దూరమైతే రోజంతా కారులోనే గడిచిపోతుంది. చోటు చూసేటప్పుడు అడగాల్సినవి నాలుగే: నీడ ఉందా, మరుగుదొడ్డి ఉందా, అక్కడ కూర్చుని తిననిస్తారా, కోతులు ఎన్ని ఉన్నాయి. నాలుగోది నవ్వులాటకి కాదు. వీలైతే ముందు ఒకరు బండి మీద వెళ్ళి చూసి రండి.

హైదరాబాదు వాళ్ళకి అనంతగిరి కొండలు ఉన్నాయి. నగరం నుంచి 80 కిలోమీటర్ల లోపే. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, మూసీ పుట్టేది కూడా అక్కడే. నగరంలో చూసే మూసీ ఇక్కడ మొదలవుతుందని చెప్తే పిల్లలు నమ్మరు. వికారాబాదు దాకా రైల్లో వెళ్ళి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. ఆదివారాలు మాత్రం కార్ల వరస ఎక్కువ, అందుకే శనివారం అన్నాను.

విజయవాడ వాళ్ళు కొండపల్లి వైపు వెళ్ళొచ్చు. ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఆ కొండల అడవుల్లోదే. చెట్టు చూసి, తర్వాత బొమ్మలు చేసే వాళ్ళ వీధిలోకి వెళ్తే పిల్లలకి రెండూ కలుస్తాయి. ఉండవల్లి గుహలు చూడ్డానికి బాగుంటాయి గానీ, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల లోపల విస్తరి వేసుకోవడం కుదరదు. రామప్ప కూడా అంతే. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్లు వాళ్ళు గుడి చూసి, తిండి మూట మాత్రం చెరువు వైపు విప్పుకోవాలి.

విశాఖలో ఉన్నవాళ్ళు ఊరు దాటనక్కర్లేదు, కంబాలకొండ ఉంది. కాకినాడకి కోరంగి మడ అడవులు దగ్గర. చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు రెండు పక్కలా కనిపిస్తాయి. అక్కడ నడిచి, భోజనం బయట నీడ చూసి చేయండి. ఏలూరు, భీమవరం వాళ్ళకి కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేటి పక్షులు. చలికాలంలో గూడబాతులు చెట్ల నిండా ఉంటాయి. అనంతపురం వైపు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల్లో పరుచుకుని ఉంది, 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. చెట్టు నీడ కావాలంటే అంత నీడ ఇంకెక్కడ దొరుకుతుంది? చెన్నైలో ఉండే తెలుగువాళ్ళు లోకల్ రైలెక్కితే సూళ్ళూరుపేటలో దిగొచ్చు, పులికాట్ పక్కనే. వానలు తగ్గాక జనవరిలో వెళ్తే రాజహంసలు కనిపిస్తాయి.

ఇవేవీ అక్కర్లేదు, మా ఊళ్ళో మామిడితోట ఉంది అంటారా? అది వీటన్నిటికంటే మంచిది. తోట రైతుని ముందు అడిగి, వాళ్ళింటి వాళ్ళకి కూడా విస్తరి వేయండి.

పద్యాలు: ముందే ఎంచుకోండి, కాగితం మీద పట్టుకెళ్ళండి

ఇక్కడే చాలామంది జంకుతారు. పద్యం అంటే పండితుల వ్యవహారం అనో, స్కూల్లో మార్కులు పోయిన జ్ఞాపకమో. సభ పెట్టినట్టు పెట్టకపోతే ఎవరికీ టెన్షన్ ఉండదు. నేను పెట్టే నియమం ఒకటే: కళ్ళ ముందు ఉన్నదాని గురించిన పద్యమే చదవాలి. చెరువు దగ్గర చెరువు, మర్రి కింద చెట్టు, చేను గట్టున పిట్ట. ఇంకేదైనా ఇంట్లో చదువుకోవచ్చు.

భోజనానికి ముందు, విస్తర్లు వేశాక, అన్నం వడ్డించే లోపు ఒక్క పద్యం. దీనికి పోతన భాగవతం దశమ స్కంధంలోని చల్దుల ఘట్టాన్ని మించింది లేదు. యమున ఒడ్డున కృష్ణుడు గోపబాలురతో చద్దన్నం తింటున్నాడు. మీగడ పెరుగు కలిపిన ముద్ద ఎడమ చేతిలో, ఊరగాయ ముక్కలు వేళ్ళ సందుల్లో. పక్కనే ఇంకో పద్యంలో పిల్లల అల్లరి: ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, ఏదీ చూడు లేదు అని నోరు తెరిచి చూపిస్తాడు. ఈ ముక్క చెప్పి పద్యం చదివితే మీ పిల్లలు అర్థం అడగరు, వెంటనే చేసి చూపిస్తారు. గోంగూర అయిదు వేళ్ళ సందుల్లోకి వెళ్ళకుండా చూసుకోండి.

చెరువో కాలువో ఉంటే ఆముక్తమాల్యద. విల్లిపుత్తూరు వర్ణనలో కృష్ణదేవరాయలు చూపించే బాతులు ఉన్నాయి. రెక్కల్లో తల దూర్చి కాలువల్లో నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానానికి వచ్చిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన బట్టలేమో అనుకుని, తలారులు తీసి ఇద్దామని దిగుతారు. బాతులు లేచి పరుగెడతాయి, చేనుకి కాపలా ఉన్న ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. పద్యం కష్టమైనది, సమాసాలు పొడుగు. అందుకే కథ ముందు చెప్పాలి, పద్యం తర్వాత. కథ తెలిసిన చెవికి సమాసం బరువు అనిపించదు.

చేల గట్టున ఈత చెట్లకో తాడి చెట్లకో గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటే జాషువా గిజిగాడు పద్యాలు చదవండి. ఆ గూడు అల్లికను ఆయన ఎంత దగ్గరగా చూశాడో పద్యం వింటూ పైకి చూస్తే తెలుస్తుంది. కార్తీకానికి చాలా గూళ్ళు ఖాళీగా ఉంటాయి, అయినా కోసి ఇంటికి తేవద్దు. ఎవరైనా దారి పొడవునా పూలు తెంపుతూ వస్తే కరుణశ్రీ పుష్పవిలాపం వాళ్ళ చేతికే ఇచ్చి చదివించండి. అదెత్తగానే గుంపులో ఒకరు ఘంటసాల గొంతుతో అందుకుంటారు. పాడనివ్వండి, ఒక్కసారికి.

పద్యాల జోలికి అసలు రానివాళ్ళకి వచన కవిత ఇవ్వండి. కాకినాడలో ఉన్న ఇస్మాయిల్ చెట్ల మీద రాసిన చిన్న కవితలు నిమిషంలో అయిపోతాయి, పాఠంలా అనిపించవు.

చదవడం ఎలా అన్నది కూడా చెప్పాలి. అడవుల్లో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకండి, పెద్ద అక్షరాల్లో కాగితం మీద ప్రింట్ తీసుకోండి. పాదం చివర ఆగడం కాదు, అర్థం ఆగిన చోట ఆగాలి. ఆ చోట్ల ముందే పెన్సిల్ గీతలు పెట్టుకోండి. ఇంట్లో రెండు మూడు సార్లు గట్టిగా చదివి చూడండి. రాగం రాకపోతే రాగం తీయొద్దు, మామూలు గొంతుతో చదివినా పద్యానికి దాని నడక ఉంటుంది. తాత్పర్యం రెండు వాక్యాలు ముందే చెప్పేయండి. చదివాక వివరణ వద్దు. అలంకారం ఏమిటి, ఛందస్సు ఏమిటి అని పిల్లల్ని అడిగితే మళ్ళీ సారి వాళ్ళు రారు.

ఆ రోజు ఎలా నడపాలి

చేరగానే మూటలు విప్పకండి. ముందు గంటన్నర నడక. పెద్దవాళ్ళు చెట్టు కింద కూర్చుంటారు, వాళ్ళ దగ్గర ఒకరు ఉండాలి, తిండి సంచుల దగ్గర కూడా. కోతులకి సంచి చప్పుడు బాగా తెలుసు. తిండి కారులోనే పెట్టి అద్దాలు ఎత్తేయండి. జాలిపడి అరటిపండు విసిరారో, ఒకటి వెళ్ళి పాతిక వస్తాయి.

నడకలో పిల్లలకి ఒక పని ఇవ్వండి. తలా ఒక చెట్టు ఎంచుకుని దాని పేరు కనుక్కోవాలి, ఫోన్‌లో కాదు, పెద్దవాళ్ళని అడిగి. మద్ది, వెలగ, పాల, తంగేడు, రేల. ఇంట్లో తాతకో నాయనమ్మకో తెలిసిన పేర్లు ఎన్ని ఉంటాయో అప్పుడే బయటపడుతుంది. వాళ్ళకి తెలియకపోతే దారిన పోయే పశువుల కాపరిని పలకరించండి, ఆయనకి తెలియని చెట్టు ఉండదు.

పన్నెండున్నరకి భోజనం. రెండింటి తర్వాతకి జరపొద్దు, పొద్దున వండినది అప్పటికి ఆరేడు గంటలైపోతుంది. వడ్డన చిన్నపిల్లలతో మొదలుపెట్టండి, వండినవాళ్ళని మాత్రం మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి. తిన్న వెంటనే పద్యాలు పెట్టకండి. సగం మంది కునుకు తీస్తారు, తీయనివ్వాలి. రెండున్నరకి టీ ఫ్లాస్కు తెరిస్తే అందరూ వాళ్ళంతట వాళ్ళే లేచి వస్తారు, మిగతా పద్యాలు అప్పుడు. నలుగురు చదివితే చాలు. ఇంకా ఉత్సాహం ఉంటే పద్యాల అంత్యాక్షరి, లేకపోతే పిల్లలు ఎంచుకున్న చెట్టు గురించి రెండు వాక్యాలు చెప్పమనండి. అవి కాగితం వెనక రాసి పెట్టండి. ఒక పిల్ల తాను చూసిన చెట్టు "ఒళ్ళు గోక్కోలేదు పాపం" అంది. పెద్దవాళ్ళెవరికీ ఆ మాట తట్టదు.

బ్లూటూత్ స్పీకర్ ఎవరైనా తెస్తే తీసి లోపల పెట్టించండి. పక్షులు చూసే చోట్ల మరీను.

కార్తీకంలో అయిదున్నరకే చీకట్లు ముసురుతాయి. కొండ దారి అయితే నాలుగున్నరకి బండ్లు కదలాలి. అరటి ఆకులు దగ్గర్లో ఆవులు ఉంటే వేయొచ్చు, పిన్నీసులు, దారాలు, ప్లాస్టిక్ ముక్కలు లేకుండా చూసి. మిగతా చెత్తంతా సంచిలో కట్టి ఇంటికే. అక్కడి డబ్బాలో పడేస్తే రాత్రికి కోతులు, కుక్కలు లాగేస్తాయి.

ఇంటికొచ్చాక రాత్రికి ఎవరూ పొయ్యి వెలిగించకండి. పులిహోర మిగిలితే వాసన చూసి, బాగుంటే తినేయండి. మిగిలిన దద్దోజనం మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. మర్నాడు గిన్నెలు ఎవరివి ఎవరికి చేరాలో గ్రూపులో ఫొటో పెట్టండి, లేకపోతే మీ స్టీలు డబ్బా వచ్చే కార్తీకం దాకా పక్కింట్లోనే ఉంటుంది.